కుట్టుపని చేసే కాలికి పరిహారం: బెంగళూరు ట్రిబ్యునల్‌లో మా పిన్ని కేసు

రోడ్డు ప్రమాదంలో ఒకే ఎముక, ఒకే చోట, ఒకే విధంగా విరిగిన ఇద్దరు మనుషులకు వచ్చే పరిహారాల మధ్య లక్షల తేడా ఉండవచ్చు. ఆ తేడాకు కారణం చాలాసార్లు గాయంలో దొరకదు. ఆ ఎముకతో ఆ మనిషి రోజూ ఏ పని చేసుకుని బతికేవారో కోర్టు ముందున్న కాగితాల్లో కనబడుతుందా లేదా అన్న చోట దొరుకుతుంది. మా పిన్ని కేసు వెంట ఆసుపత్రికీ, పోలీస్ స్టేషన్‌కూ, కోర్టుకూ తిరిగిన నాకు అన్నిటికంటే గట్టిగా తెలిసివచ్చిన సంగతి ఇదే. బెంగళూరులో జీతపు చీటీ లేని పనులు చేసుకుని బతుకుతున్న మన తెలుగువాళ్లు ఎంతో మంది ఉన్నారు కనుక, వారి ఇళ్లకు ఇది చేరాలని రాస్తున్నాను. నేను న్యాయవాదిని కాను, ఒక కంపెనీలో అకౌంట్స్ విభాగంలో పని చేస్తాను. చట్టం గురించి ఇక్కడ రాస్తున్నవి మా న్యాయవాది వివరించగా, తీర్పులు చదివి సరిచూసుకున్న విషయాలు.

పిన్నిది మదనపల్లె. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చి, కె.ఆర్.పురం వైపు ఒక అద్దె గదిలో దుకాణం పెట్టుకుని, ఇరవై ఏళ్లకు పైగా జాకెట్లు కుడుతోంది. 2023లో ఒక సాయంత్రం, కాలువ పని కోసం కాలిబాటను తవ్వి వదిలేసిన చోట రోడ్డు అంచు వెంబడి నడిచి వస్తుండగా, వెనుక నుంచి వచ్చిన కారు ఆమెను గుద్దింది. కుడి మోకాలి కింది ఎముక పైభాగం కీలు లోపలి దాకా చీలిపోయింది. ప్లేటు, స్క్రూలు వేసి అతికించారు. అప్పటికి ఆమె వయసు నలభై ఏడు. ఈ వయసు సంగతి తరువాత లెక్కలో వస్తుంది.

కారు నడిపిన అబ్బాయి పారిపోలేదు. తానే ఆటో పిలిచి ఆసుపత్రిలో చేర్చాడు, రాత్రంతా అక్కడే ఉన్నాడు. ఖర్చంతా తానే పెట్టుకుంటాననీ, కేసు మాత్రం వద్దనీ అతని తండ్రి వచ్చి బాబాయిని బతిమాలుకున్నారు. బాబాయి మెత్తబడ్డారు. మంచివాళ్ల మీద ఫిర్యాదు ఇవ్వడమేమిటి, కోర్టు మెట్లు ఎక్కడం మన ఇంటావంటా లేదు అన్నారు. ఆ మంచితనాన్ని నేను ఈనాటికీ గౌరవిస్తాను. కానీ మొదటి ఆపరేషన్‌కు డబ్బు ఇవ్వగలిగిన కుటుంబం, రెండేళ్ల తరువాత ప్లేటు తీయించడానికీ, నడవలేని నెలల దుకాణం అద్దెకూ, ఎప్పటికీ తిరిగి రాని వేగానికీ ఇవ్వగలదా? మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రతి వాహనానికీ థర్డ్ పార్టీ బీమాను తప్పనిసరి చేసింది రోడ్డు మీది మూడో మనిషి కోసమే. ఆ కారుకు యజమాని ఏటా ప్రీమియం కడుతున్నది పిన్ని వంటి వారి కోసమే. పరిహారం బీమా కంపెనీ ఇస్తుందనీ, ఆ అబ్బాయి తండ్రి ఇల్లు అమ్ముకోవలసిన పని లేదనీ బాబాయికి అర్థమయ్యేలా చెప్పాక ఫిర్యాదు ఇచ్చాము. ఆ తండ్రికి కూడా అదే చెప్పాము. ఆయన తరువాత బీమా పాలసీ నకలు, ఆర్.సి. నకలు తానే తెచ్చి ఇచ్చారు.

అప్పుడు ఎఫ్‌ఐఆర్ నిర్లక్ష్యంగా వాహనం నడపడం, తీవ్రంగా గాయపరచడం గురించిన భారతీయ శిక్షాస్మృతి 279, 338 సెక్షన్ల కింద నమోదైంది. 2024 జులై 1 తరువాత జరిగిన ప్రమాదాలకు భారతీయ న్యాయ సంహితలోని 281, 125 సెక్షన్లు వర్తిస్తాయి. బెంగళూరులో ఇటువంటి కేసులను ట్రాఫిక్ పోలీస్ స్టేషన్లే చూస్తాయి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు 2022లో చేసిన సవరణ ప్రకారం పోలీసులు 48 గంటల్లో తొలి ప్రమాద నివేదికనూ, 90 రోజుల్లో వివరమైన నివేదికనూ పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌కు పంపాలి. బాధితుల హక్కులేమిటో తెలిపే పత్రాన్ని కూడా ఇవ్వాలి. ఈ నిబంధనలను అమలు చేయాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో గోహర్ మొహమ్మద్ కేసులో ఆదేశించింది. ఆ పత్రం మాకు అడగకుండా రాలేదు, అడిగాక వచ్చింది. అందుకని అడగమనే చెబుతున్నాను.

పోలీసు కాగితాల్లో మా కేసును నిలబెట్టింది మహజర్‌కు, అంటే ప్రమాదం జరిగిన చోటును చూసి పోలీసులు రాసే పంచనామాకు, జతచేసిన స్కెచ్. తవ్విన కాలిబాట, కుప్పపోసిన మట్టి, రోడ్డు వెడల్పు, పిన్ని పడిన చోటు అందులో ఉన్నాయి. మహజర్ రాసే రోజు బాబాయి అక్కడ ఉండి, మట్టికుప్పను కూడా గీయమని పోలీసులను అడిగారు. పిన్ని అకస్మాత్తుగా రోడ్డు మధ్యకు వచ్చిందనీ, ప్రమాదంలో ఆమె నిర్లక్ష్యం కూడా ఉందనీ బీమా కంపెనీ తరువాత వాదించింది. అది రుజువైతే ఆమె పాలు నిర్లక్ష్యానికి తగ్గట్టుగా పరిహారంలో కోత పడేది. నడవడానికి కాలిబాటే లేదని ఆ స్కెచ్ చెప్పింది. ఇటువంటి కేసుల్లో క్రిమినల్ కేసులో వలె సందేహానికి తావు లేకుండా నిరూపించనవసరం లేదు, ఏది ఎక్కువ సంభవమో తేలితే చాలు. అయినా ఆ సంభవాన్ని చూపించే కాగితం ఉండాలి కదా.

ఆసుపత్రిలో మొదటి గంటలో రాసే వివరం ఇంకొకటి. ప్రమాదం ఎలా జరిగిందో క్యాజువాలిటీలో ఒకటి రెండు మాటల్లో రాస్తారు. ఆ హడావిడిలో ఎవరో 'రోడ్డు మీద పడ్డారు' అని చెబితే అదే రాసుకుంటారు, ఏడాది తరువాత బీమా కంపెనీ న్యాయవాది ఆ ఒక్క వాక్యాన్నే పట్టుకుని వాహనమే తగలలేదంటారు. కారు గుద్దిందనీ, కారు నంబరు ఇదనీ ఆ రికార్డులో ఉందో లేదో చూసుకోవాలి. చికిత్స ఖర్చు విషయానికి వస్తే, 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు మొదటి ఏడు రోజుల్లో లక్షా యాభై వేల రూపాయల దాకా నగదు రహిత చికిత్స అందించే కేంద్ర పథకం అమల్లోకి వచ్చింది. మా కేసు నాటికి అది లేదు.

ఆసుపత్రి వార్డులోనే మా దగ్గరకు ఒకాయన వచ్చి, కేసు తాను చూసుకుంటాననీ, వచ్చిన దానిలో ఇంత శాతం ఇస్తే చాలనీ, కేసును న్యాయవాదికి అప్పగించే ఖాళీ వకాలత్తుల మీద సంతకం చేయమనీ అడిగారు. పరిహారంలో వాటా తీసుకునే ఒప్పందం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు న్యాయవాదులకు స్పష్టంగా చెబుతున్నాయి. మేము ఆయనను పంపించివేసి, తెలిసినవారి ద్వారా ఒక న్యాయవాదిని కలిసి, ఫీజు ఎంతో ముందే మాట్లాడుకున్నాము. ఆ స్తోమత లేని వారు నిరాశ పడనవసరం లేదు. న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది.

పిటిషన్ ఎక్కడ వేయాలన్నది కూడా ఆలోచించవలసిన విషయమే. ప్రమాదం జరిగిన చోట గానీ, బాధితులు నివసించే లేదా వ్యాపారం చేసుకునే చోట గానీ, ప్రతివాది ఉండే చోట గానీ వేయవచ్చని చట్టం చెబుతోంది. ఊరికి తిరిగి వెళ్లిపోయేవారికి ఇది గొప్ప వెసులుబాటు. మేము బెంగళూరునే ఎంచుకున్నాము, ఎందుకంటే ఆపరేషన్ చేసిన డాక్టరు ఇక్కడే ఉన్నారు, ఆయన సాక్ష్యం లేనిదే కేసు సగం ఖాళీ. ఇక్కడ స్మాల్ కాజెస్ కోర్టు జడ్జీలే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌గా కూర్చుంటారు. గడువు గురించి కూడా గట్టిగా చెప్పాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలన్న నిబంధన మళ్లీ వచ్చింది. దాని మీద వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లినా, ఆ వివాదాన్ని నమ్ముకుని కూర్చోకుండా ఆరు నెలల్లో వేసేయడమే క్షేమం. 164వ సెక్షన్ కింద తప్పు ఎవరిదో నిరూపించకుండానే తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు, మరణానికి ఐదు లక్షలు వచ్చే మార్గం ఒకటి ఉంది. అది తొందరగా వస్తుందని ఆశపెట్టేవారు ఉంటారు గానీ, అది పుచ్చుకుంటే 166 కింద వేసిన పిటిషన్ రద్దయిపోతుంది. కారు ఏదో తెలియకుండా పారిపోయిన సందర్భంలో మాత్రం 161వ సెక్షన్ పథకమే దిక్కు. దాని కింద తీవ్ర గాయానికి యాభై వేలు, మరణానికి రెండు లక్షలు ఇస్తారు.

ఇక అసలు లెక్క. గాయపడినవారికి పరిహారం ఎలా కట్టాలో సుప్రీంకోర్టు 2010 అక్టోబరులో రాజ్‌కుమార్ కేసులో వివరంగా చెప్పింది. డాక్టరు చెప్పే వైకల్య శాతం వేరు, సంపాదించే శక్తిలో కలిగిన నష్టం వేరు అన్నది ఆ తీర్పులో ప్రధాన విషయం. ఎడమ చేయి పోయిన మనిషి వడ్రంగి గానీ డ్రైవరు గానీ అయితే అతని సంపాదన దాదాపు నూరు శాతం పోతుంది, అదే ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా అయితే ఉద్యోగం నిలిచి ఉండవచ్చు అని ఆ తీర్పే ఉదాహరణ ఇచ్చింది. డాక్టరు అవయవం గురించి, శరీరం గురించి చెబుతారు, సంపాదన నష్టం ఎంతో తేల్చవలసింది ట్రిబ్యునల్. కానీ ట్రిబ్యునల్ గాలిలోంచి తేల్చలేదు. ఆ మనిషి ప్రమాదానికి ముందు ఏం చేసేవారు, ఇప్పుడు అందులో ఏం చేయగలుగుతున్నారు, ఏం చేయలేకపోతున్నారు అన్నది ఎవరో చూపించాలి.

పిన్ని కుడికాలికి డాక్టరు 36 శాతం వైకల్యం అన్నారు. ఇక్కడి ట్రిబ్యునళ్లలో సాధారణంగా అవయవపు శాతంలో మూడో వంతును మొత్తం శరీరానికి తీసుకుంటారు, అంటే 12 శాతం. ఆదాయానికి రుజువు లేకపోతే ఆ ఏడాదికి తగినట్టుగా ఒక ఊహా ఆదాయం కడతారు. ఇందుకోసం కర్ణాటక న్యాయ సేవాధికార సంస్థ తయారుచేసిన పట్టికను చూస్తారు. లెక్క కోసం నెలకు 14,000 అనుకుందాం. ఏడాది ఆదాయాన్ని ఎంతతో గుణించాలో వయసును బట్టి చెప్పే గుణకం 2009 నాటి సరళా వర్మ తీర్పులో ఉంది, 46 నుంచి 50 ఏళ్ల వారికి అది 13. నెలకు 14,000 చొప్పున ఏడాదికి 1,68,000, దానిని 13తో గుణించి 12 శాతం తీస్తే 2,62,080 రూపాయలు. పిటిషన్‌లో 'దర్జీ' అని ఒక్క మాట రాసి ఊరుకుంటే భవిష్యత్ సంపాదన నష్టం కింద పిన్నికి ఇంచుమించు ఇటువంటి లెక్కే మిగిలేది. జీవితాంతం మిగిలిపోయే నష్టానికి ఆ మొత్తం.

మా న్యాయవాది దగ్గర పనిచేసే ఒక జూనియర్ అమ్మాయి మొదటి సమావేశంలోనే పిన్నిని అడిగిన ప్రశ్న నాకు బాగా గుర్తుంది. "ఆ కాలితో మీరు పొద్దుటి నుంచి రాత్రి దాకా ఏమేం చేస్తారో ఒక్కొక్కటే చెప్పండి అమ్మా" అంది. పిన్ని మొదట కాలితో ఏముంది, చేతిపనే కదా అంది. తరువాత చెబుతూ పోయింది. కొలతలు నిలబడే తీసుకోవాలి. గుడ్డ కత్తిరించడం బల్ల దగ్గర నిలబడి చేసే పని, పట్టుచీర జాకెట్టు అయితే గుడ్డ వంగకుండా బల్ల చుట్టూ తిరగాలి. మోటారు మిషన్‌కు వేగం ఇచ్చేదీ ఆపేదీ కుడి పాదమే. మెడ మలుపు దగ్గర, చంక కుట్టు దగ్గర సూది ఒక్కొక్క కుట్టుగా కదలాలంటే పాదం ఆ ఒత్తిడిని వెంట్రుకవాసిలో అదుపు చేయాలి. హుక్కులు, కాజాలు, చీర ఫాల్ నేల మీద బాసిపట్టు వేసుకుని కూర్చుని చేసేవి. మగ్గం వర్క్ చట్రం ముందు కూడా అలాగే కూర్చోవాలి. లైనింగ్ గుడ్డ కోసం అటక ఎక్కాలి. వరలక్ష్మీవ్రతానికి ముందు వారమంతా రాత్రి పన్నెండు దాటే దాకా మిషన్ మీదే ఉండాలి. ఆ అమ్మాయి ఇదంతా రాసుకుని, ప్రమాణ పత్రంలో ఒక్కొక్క పనినీ విడిగా పెట్టి, ఇప్పుడు వాటిలో ఏది చేయలేకపోతున్నారో ఎదురుగా రాసింది. న్యాయవాద వృత్తిలో నేను చూసిన గొప్ప పనుల్లో అది ఒకటి.

ఆదాయం రుజువు చేసే పని నా మీద పడింది. పిన్నికి ఆదాయపు పన్ను రిటర్నులు లేవు, ట్రేడ్ లైసెన్సు లేదు. కానీ ఆమె దగ్గర బిల్లు పుస్తకాలు ఉన్నాయి. ప్రతి పేజీలో కుట్టించుకునే ఆవిడ పేరు బదులు 'స్కూల్ టీచరమ్మ', 'మూడో మలుపు ఆంటీ' వంటి గుర్తులు, కింద పొడుగు, ఛాతీ, నడుము, చేతి పొడుగు కొలతలు, మెడ ఆకారానికి పెన్సిల్ గీత, మూలన ఆ జాకెట్టు గుడ్డముక్క పిన్ను చేసి, డెలివరీ తేదీ, అడ్వాన్సు, మిగతా బాకీ. ప్రమాదానికి ముందు ఏడాది పుస్తకాలను నెలల వారీగా కూడి, వాటి పక్కన ఫోన్‌పే ద్వారా ఖాతాలో పడిన మొత్తాలను, చిక్‌పేటలో లైనింగ్ గుడ్డ, దారం, హుక్కులు కొన్న బిల్లులను, దుకాణం అద్దెను, కరెంటు బిల్లును పెట్టి పట్టిక తయారుచేశాను. ఖర్చులు తీసివేశాక నెలకు సగటున ఇరవై వేల పైచిలుకు మిగిలింది. తరచూ వచ్చే ఇద్దరు మహిళలు సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకున్నారు, వారిలో ఒకరు కోర్టుకు వచ్చి చెప్పారు కూడా. ప్రమాదం తరువాత కటింగ్ కోసం పెట్టుకున్న అమ్మాయికి ఇచ్చే జీతాన్ని ఆ అమ్మాయి సంతకంతో విడిగా చూపించాము. పిన్ని పోగొట్టుకున్న శక్తిని ఆమె ఇప్పుడు నెలనెలా డబ్బు పెట్టి కొనుక్కుంటోందని అంతకంటే నేరుగా చెప్పే కాగితం మరొకటి లేదు.

విచారణ రోజుల్లో పిన్ని చేతికర్ర పట్టుకుని మెట్రోలో మెజెస్టిక్ వైపు వచ్చేది. తేదీలు ఈ-కోర్ట్స్ యాప్‌లో చూసుకునేదాన్ని. చాలా తేదీలు వాయిదాలతోనే గడిచాయి, వాటి గురించి చెప్పడానికి ఏమీ లేదు. క్రాస్ ఎగ్జామినేషన్ రోజు మాత్రం చెప్పుకోవాలి. ఈ రోజుల్లో మిషన్లన్నీ మోటారువే కదా, ఇంక కాలితో పనేముంది అని బీమా కంపెనీ న్యాయవాది కన్నడంలో అడిగారు. పిన్ని తనకు వచ్చిన కన్నడంలోనే, మోటారు దారాన్ని తిప్పుతుంది గానీ ఎక్కడ ఆగాలో దానికి తెలియదనీ, ఆపేది తన పాదమనీ, ఇప్పుడు పాదం నొక్కి ఎత్తేలోగా సూది రెండు కుట్లు ముందుకు పోతోందనీ, ఆ రెండు కుట్లకే పట్టుగుడ్డ పాడవుతోందనీ చెప్పింది. జడ్జిగారు ఆ జవాబును పూర్తిగా రాయించారు. ఇంట్లో కూర్చుని చేతికుట్టు చేసుకోవచ్చు కదా అన్న తరువాతి ప్రశ్నకు, నేల మీద కూర్చోలేనని డాక్టరే రాశారని మా న్యాయవాది పత్రం చూపించారు.

డాక్టరు సాక్ష్యం గురించి ఒక ముఖ్యమైన సంగతి. చికిత్స చేయని డాక్టర్లు కోరిన శాతంతో సిద్ధంగా ఇచ్చే వైకల్య పత్రాలను నమ్మవద్దని రాజ్‌కుమార్ తీర్పే ట్రిబ్యునళ్లను హెచ్చరించింది. కొందరు యాభై, అరవై శాతం రాయించి తెస్తామంటారు. అది కేసుకు మేలు చేయకపోగా, నిజమైన గాయం మీద కూడా అనుమానం తెస్తుంది. మా డాక్టరు 36కు మించి ఒక్క శాతం కూడా రాయనన్నారు. అయితే మోకాలు ఎంత కోణం దాకా వంగుతోందో కొలిచి, గొంతుక్కూర్చోలేరు, బాసిపట్టు వేయలేరు, అరగంటకు మించి నిలబడితే వాపు వస్తోంది, ప్లేటు తీయడానికి మరో ఆపరేషన్ కావాలి అని వివరంగా రాసి, స్వయంగా వచ్చి సాక్ష్యం చెప్పారు. ఆ వివరాలు శాతాన్ని మించి పనిచేశాయి.

మధ్యలో లోక్ అదాలత్‌లో రాజీకి బీమా కంపెనీ ముందుకు వచ్చింది. వారి లెక్క 12 శాతం మీద, ఊహా ఆదాయం మీద కట్టినది. రాజీ పడితే డబ్బు తొందరగా వస్తుంది గానీ, లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు ఉండదు. అప్పటికి పిన్ని సాక్ష్యం, డాక్టరు సాక్ష్యం పూర్తయ్యాయి కనుక మేము ఒప్పుకోలేదు. చిన్న గాయాలకు, ఇంకా సాక్ష్యం మొదలుకాని కేసులకు లోక్ అదాలత్ మంచిదేనని నా అభిప్రాయం. జీవనాధారం దెబ్బతిన్న కేసును మాత్రం ఆ పని గురించి కోర్టు వినకముందే ముగించకూడదు.

2025లో తీర్పు వచ్చింది. పిన్ని నిర్లక్ష్యం లేదని ట్రిబ్యునల్ తేల్చింది. ఆదాయాన్ని మేము చెప్పినంత కాక, నెలకు 17,000గా తీసుకుంది. కొన్ని పేజీల్లో తేదీలు సరిగా లేవన్న కారణం చెప్పింది, అది న్యాయమే. సంపాదన శక్తిలో నష్టాన్ని 12 శాతం కాక 20 శాతంగా నిర్ణయించింది. ఆ లెక్కన భవిష్యత్ సంపాదన నష్టం 5,30,400 రూపాయలు, ముందు చెప్పిన మొత్తానికి రెట్టింపు పైన. దీనికి ఆసుపత్రి ఖర్చులు, చికిత్స కాలంలో పోయిన ఆదాయం, నొప్పికీ బాధకూ పరిహారం, ప్లేటు తీసే ఆపరేషన్ ఖర్చు, పిటిషన్ వేసిన నాటి నుంచి ఆరు శాతం వడ్డీ కలిశాయి. ఇంటిపని విషయంలో మాత్రం ట్రిబ్యునల్ పెద్దగా ఏమీ ఇవ్వలేదు. గృహిణి చేసే పనికి విలువ కట్టాలని సుప్రీంకోర్టు 2021 జనవరిలో కీర్తి కేసులో చెప్పిన కాలంలో, దుకాణం మూసి వచ్చి ఇల్లంతా చూసుకునే మనిషి విషయంలో ఆ శ్రమ తీర్పులో కనబడకపోవడం నాకు బాధ కలిగించింది.

డబ్బు చేతికి రావడానికి ఒక అడ్డంకి ఎదురైంది, మన తెలుగువాళ్లందరూ దీనిని ముందే చూసుకోవాలి. ఊరి కాగితాల్లో పిన్ని పేరు ముందు పుట్టింటి ఇంటిపేరు ఉంది, ఆధార్‌లో పేరు వెనుక బాబాయి పేరు ఉంది, బ్యాంకు పాస్‌బుక్కులో ఒక్క అక్షరం మాత్రమే ఉంది, ఆసుపత్రి వాళ్లు రాసుకున్నది ఈ మూడూ కానిది. ఇవన్నీ ఒకే మనిషివని ప్రమాణ పత్రం ఇచ్చాకే బ్యాంకు వివరాలను కోర్టు ఆమోదించింది. మొత్తంలో కొంత భాగాన్ని ట్రిబ్యునల్ ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచింది.

ఇప్పుడు మా ముందున్న నిర్ణయం అప్పీలు గురించి. సొంత పని చేసుకునే 40 నుంచి 50 ఏళ్ల వారికి భవిష్యత్తులో ఆదాయం పెరిగే అవకాశం కింద 25 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేథీ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. వైకల్యం కలిగిన వారికి కూడా ఈ పెరుగుదల వర్తిస్తుందని 2020లో పప్పు దేవ్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మా తీర్పులో అది కలపలేదు. 5,30,400కు 25 శాతం అంటే 1,32,600 రూపాయలు. వివాదం లక్ష రూపాయలకు తక్కువైతే అప్పీలే ఉండదు, మాది ఆ హద్దు దాటింది. మేము వెళితే కంపెనీ కూడా 20 శాతం మీద అభ్యంతరం లేవనెత్తవచ్చునని న్యాయవాది హెచ్చరించారు. పిన్ని రెండు రోజులు ఆలోచించి, వేయమంది. తీర్పు నుంచి తొంభై రోజుల్లోపు కర్ణాటక హైకోర్టులో వేయాలి కనుక, ధ్రువీకృత నకలు కోసం దరఖాస్తు పెట్టాము.